ఎంగిలి సీసా

ఆపరేషన్ అయిన మూడో రోజు ఇంటికి పంపుతూ ఆస్పత్రోళ్లు నా చేతిలో ఒక కాయితం పెట్టిన్రు. ఏ వారం ఏం తాగాలె, ఏ వారం ఏం తినాలె అన్నీ దాంట్లో రాసి ఉన్నయి. మొదట పలచటి నీళ్లలాంటివి, ఆ తర్వాత పాలు, మజ్జిగ, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, నెల దాటినంక కొంచెం మెత్తటి అన్నం. అన్నిటికీ గడువుంది. ఒక్కదానికే లేదు. కాయితం అడుగున లావు అక్షరాలతో రాసి ఉంది: సోడాలు, కూల్‌డ్రింకులు ఇక ఎన్నడూ వద్దు.

అన్నం వద్దంటే తలూపిన. తీపి వద్దన్నా తలూపిన. అన్నం లేని పూటలు మాకు కొత్త కాదు. ఆ అడుగు మాట కాడికి వచ్చేసరికి మాత్రం గుండెలో కలుక్కుమన్నది. నలభై నాలుగేండ్ల ఆడమనిషిని. మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. నా కింద పన్నెండు మంది పనిచేస్తరు. ఇంత మనిషి ఒక సోడా కోసం కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదంటే నవ్వరా? అందుకే మా ఆయనకు కూడా చెప్పలేదు. కారులో కూర్చొని కాయితం మడిచి బ్యాగులో పెట్టుకున్న.

ఈ సోడా సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి నీళ్ల సంగతి చెప్పాలె.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ల దేశం అది. పిల్లలకు పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చేసరికే వాటి మీద పసుపు గీతలు పడుతుండె. నలభై ఏండ్లకే నడుములు వంగిపోతుండె. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్గొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. వాళ్లల్ల శానామంది గెలుస్తమని నిలబడ్డోళ్లు కాదు, మా నీళ్ల గోస దేశానికి తెలవాలని నామినేషన్ వేసినోళ్లు. ఆ నీళ్లు ఊరందరికీ విషమే. కానీ ఆ విషం తోడుకోవడానిక్కూడా వరస ఉండె. ఊరి బాయి కాడ మా అవ్వ బిందె పట్టుకొని దూరం నిలబడేది. ఊరామె ఎవరన్నా దయదలిచి పైనుంచి పోస్తే పట్టుకొని రావాలె. బిందెకు బిందె తగిలితే ఆమె తన బిందె చింతపండు పెట్టి తోముకుంటది. ఆ తోముడు మా కండ్ల ముందరే.

చాయ్ హోటల్ కాడ మా గిలాసలు వేరే. బయట గుంజకు కొట్టిన చెక్క మీద బోర్లించి ఉంటయి. తాగినంక మేమే కడిగి మళ్లీ అక్కడ్నే బోర్లించాలె. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. హోటళ్లల్ల గిన్నెలు, గిలాసలు వాడుకోనియ్యకపోవడం నేరమని దాంట్లో ఉన్నది. ఆ చట్టం మా ఊరి బస్సు ఎక్కలేదు.

మా ఊరికి గురువారం అంగడి. అంగట్లకు సోడా బండి వచ్చేది. గోలీసోడా సీసాను 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన తయారు చేసిండట. మూత అక్కర్లేదు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరుకు ఆనించి మూతి మూస్తది. పైనుంచి గోలీని ఒత్తితే కుయ్యిమంటది. ఆ మోత వినడానికే మేం పిల్లలం బండి చుట్టూ తిరిగేటోళ్లం. అంత తెలివిగల సీసా చేసిన దొర, దానికి ఇక్కడ అంటు తగులుతదని అనుకొని ఉండడు. సీసాను మూతికి పెట్టుకొనే తాగుతరు. తాగిన సీసాను బకెట్ల ముంచి తీసి మళ్లీ నింపుతరు. అంటే ఊరోళ్ల ఎంగిలి ఊరోళ్లు తాగుతున్నట్టే. దానికి తప్పులేదు. మా ఎంగిలి మాత్రం దాంట్ల కలవద్దు.

1987లో నాకు తొమ్మిదేండ్లు. నాయిన ఆ ఏడు దొర కాడ జీతం నుంచి బయటికొచ్చి కూలికి పోతున్నడు. అంగడినాడు నా చేతిలో అర్ధ రూపాయి పెట్టిండు, ఏమన్న కొనుక్కో బిడ్డా అని. నేను ఉరుక్కుంటూ సోడా బండి కాడికి పోయిన. ఎర్ర కలరు కావాలని అడిగిన. నా క్లాసులో చదివే పటేలు బిడ్డ అప్పటికే సీసా మూతికి పెట్టుకొని తాగుతున్నది. గోలీ సీసా మెడలో గలగలమంటున్నది. బండాయన నా పైసలు చెక్క మీద పెట్టమన్నడు. పెట్టిన.

"గిలాస తెచ్చినవా?" అన్నడు.

తేలేదన్న.

"అయితే దోసిలి పట్టు."

పట్టిన. ఆయన సీసా ఎత్తి పైనుంచి పోసిండు. సోడా దోసిట్ల ఆగుతదా? నురుగు పొంగింది, వేళ్ల సందుల నుంచి కారింది, గ్యాసు ముక్కుల పుటాల్లోకి కొట్టింది. మూతి దగ్గరికి తెచ్చుకునేసరికి రెండు గుక్కలు మిగిలినయి. మిగతాదంతా మోచేతుల నుంచి లంగా మీదికి కారిపోయింది. పటేలు బిడ్డ నవ్విందో లేదో నాకు యాదిలేదు. నవ్వినట్టు కొన్నేండ్లు చెప్పుకున్న. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల నా దిక్కే చూసి ఉండదు. ఆమె సోడా ఆమె తాగుతున్నది.

ఇంటికి పోతే అవ్వ నా ఎర్రటి అరచేతులు చూసి భయపడ్డది. నెత్తురనుకున్నది. "ఏమైందే, ఏడ తగిలింది?" అని చేతులు పట్టుకున్నది. కలరని చెప్పిన. దోసిట్ల పోసిండని చెప్పిన. బండాయన్ని తిడతదేమో అని చూసిన. అవ్వ తిట్టలేదు.

"గిలాస తీస్కపోవద్దా బిడ్డా?" అన్నది.

మళ్లీ గురువారం సత్తు గిలాస ఒకటి నా చేతికిచ్చి పంపింది. నేను ఆ గిలాసను బడి వెనక రాళ్లల్ల దాచిపెట్టి, సోడా తాగిన్నని అబద్ధం చెప్పిన. అటెన్క మా ఊర్లో నేను సోడా తాగలేదు. ఇంకొక మాట. ఆ సోడా పోసింది కూడా మా ఊరి బోరు నీళ్లతోనే. ఫ్లోరైడ్ నీళ్లకే గ్యాసు పట్టించి, రంగేసి అమ్మిండు. ఎవరి మూతికి తాకినా అదే విషం.

ఎస్సీ హాస్టల్‌లో ఉండి పది చదివిన. ఆ హాస్టల్‌లోనే పెద్దక్కలు కారంచేడు గురించి చెప్పిన్రు. 1985లో అక్కడ మనోళ్లు తాగే చెరువుకాడ గొడవ మొదలైంది, మన మాదిగోళ్లను వెంటాడి చంపిన్రు అని. 1927లో అంబేద్కర్ మహద్‌లో చెరువు నీళ్లు దోసిట్లో తీసుకొని తాగిండని కూడా ఆ అక్కలే చెప్పిన్రు. దోసిలి అనంగానే నేను నా అరచేతులు చూసుకున్న. దోసిలి ఒకటే, ఆయన తనంత తాను ముంచుకున్నడు.

1993లో పది పరీక్షలు రాసినంక నల్గొండ బస్టాండు కాడ మొదటిసారి థమ్సప్ కొన్న. 1977లో కోకాకోలా దేశం విడిచి పోయినప్పుడు వచ్చిన సరుకది. మళ్లా కోకాకోలా తిరిగి వచ్చింది ఈ 1993లోనే. నాకు అప్పుడవేవీ తెలవదు. దుకాణం ఆయన తాడుకు కట్టిన ఓపెనర్‌తో మూత పీకి సీసా నా చేతికిచ్చిండు. నువ్వెవరి బిడ్డవని అడగలేదు. గిలాస ఉన్నదా అని అడగలేదు. మూతికి పెట్టుకొని తాగిన. ముక్కులో మంట, కండ్లల్ల నీళ్లు. ఖాళీ సీసా తిరిగిచ్చి నేను కదలకుండా అక్కడ్నే నిలబడ్డ. పక్కకు పెడతడేమో చూద్దామని. ఆయన దాన్ని తీసుకపోయి ఖాళీ సీసాల క్రేటులో, అన్నిటి నడుమ గుచ్చిండు. మళ్లీ నా దిక్కు చూసి "ఇంకేం గావాలె?" అన్నడు. ఏం వద్దన్న. బస్సులో ఊరుదాకా నవ్వుకుంటనే పోయిన.

తర్వాత సంగతి తొందరగా చెప్తా. నల్గొండల డిగ్రీ, హైదరాబాద్‌ల ఎంసీఏ, అమీర్‌పేట మైత్రీవనం గల్లీల్లో టెస్టింగ్ కోర్సు. 2004లో ఉద్యోగం. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ మొదలైన 1998 నాటికి మా చిన్నాయన మాదాపూర్‌లో గుట్టలు కొట్టే కాడ, ఇమారతుల కాడ కూలికి ఉండె. ఆరేండ్ల తర్వాత అదే రోడ్డు మీద నేను మెడలో బిళ్ల వేసుకొని ఏసీలోకి పోతున్న. చిన్నాయన ఒకసారి వచ్చి గేటు బయట నుంచే చూసి పోయిండు. లోపలికి రానియ్యరని ఆయనే అనుకున్నడు, అడగలేదు.

ఆఫీసులో ఒక మూలకు ప్యాంట్రీ. దాంట్ల అద్దం తలుపు ఫ్రిజ్. నిండా కూల్‌డ్రింకు డబ్బాలు. ఉద్యోగులకు ఊరికే. ఎవరైనా తీసుకోవచ్చు, ఎన్నైనా తీసుకోవచ్చు. నా డబ్బా నాదే, మూతి నాదే, తాగినంక చెత్తబుట్టల వేస్తే దానికి కులం లేదు. రింగు గుంజితే వచ్చే ఆ చప్పుడు మా గోలీసోడా చప్పుడుకు దగ్గరి చుట్టం. అమెరికా వాళ్ల పొద్దుకు మాకు రాత్రి. రాత్రి డ్యూటీలల్ల మొదట ఒకటి తాగిన, తర్వాత రెండు, తర్వాత నాలుగు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటది, ఏడు టీ చెంచాలంత. నాలుగు డబ్బాలంటే ఎంతయిందో మీరే లెక్క కట్టుకోండి. నేను కట్టలేదు, అదీ టెస్టింగ్ చేసే మనిషిని.

ఆ ఆఫీసులో నా కులం ఎవరికీ చెప్పలేదు. మా తమ్ముడు 1994లో దండోరా వచ్చినంక పేరు వెనక మాదిగ అని రాసుకున్నడు. ఊర్లో గోడల మీద రాసుకున్నడు. పెండ్లి పత్రికలో అచ్చేసుకున్నడు. నేను వాని అక్కనే. అయినా ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు కదా, ఇక్కడ కులంతో ఏం పని అని నాకు నేను చెప్పుకున్న. కానీ పని ఉండె. అన్నం బల్ల కాడ "మీ ఇంటిపేరు ఏంటి, మీది ఏ ఊరు, మీరేమిట్లు?" అని మెల్లగా తవ్వుతరు. నా తెల్ల టిఫిను డబ్బాలో ఏమున్నదో వంగి చూస్తరు. ఒకనాడు ఒక పిలగాడు "కోటాలో సీటు కొట్టిన వాళ్లకు కోడింగ్ ఏడ వస్తది" అని నా పక్కనే నవ్విండు. అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. నవ్వి లేచి ప్యాంట్రీకి పోయి ఒక డబ్బా తెరిచి నిలబడ్డ కాడనే తాగిన. ఇంకోటి తెరిచిన.

అట్ల పదిహేడేండ్లు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 108 కిలోలు. బి.ఎం.ఐ. 43 అన్నరు. షుగరు వచ్చింది, మోకాళ్లు పోయినయి, రాత్రి గురక పెట్టి ఊపిరాడక లేస్తుంటి.

ఊరికి పోతే ఇంకో బాధ. మన భాషలో బలిసిండు అనే మాటకు రెండు అర్థాలున్నయి. దొర కొడుకు లావైతే ఒళ్లు చేసిండంటరు. మనోడు లావైతే బలిసిండంటరు. మనోడు చెప్పులేసుకొని ఊరి నడుమ నడిచినా బలిసిండనే అంటరు. ఒక దసరాకు కారు దిగుతుంటే ముసలి పటేలు అరుగు మీద నుంచి, "బాగ బలిసినవ్ గదనే" అన్నడు. ఆయన నా ఒంటినన్నడో కారునన్నడో ఈనాటికీ నాకు తెలవదు. అవ్వ మాత్రం సంబరపడ్డది. అవ్వ దృష్టిలో లావంటే కడుపు నిండటం. వాడలో అందరికీ నన్ను చూపించుకున్నది. ఆపరేషన్ చేయించుకుంటున్న అని ఫోన్ చేస్తే, "పైసలిచ్చి కడుపు కోయించుకుంటవా? ఆ కడుపు నింపనీకి నీ నాయిన ఎంత కష్టపడ్డడే" అని ఏడ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

2022లో ఆపరేషన్. బి.ఎం.ఐ. 40 దాటినోళ్లకు, లేకపోతే 35 దాటి పెద్ద జబ్బులున్నోళ్లకు ఇన్సూరెన్సు వర్తిస్తదని నిబంధన ఉండబట్టి అయ్యింది, లేకపోతే నావల్ల కాకపోవు. పొట్ట మీద అయిదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల కడుపు సంచిలో నాలుగింట మూడు వంతుల పైనే కోసి తీసేసి, మిగిలిన దాన్ని అరటిపండంత గొట్టంలాగ కుట్టిన్రు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతదట. నిజంగనే కొన్ని నెలలు ఆకలి తెలవలేదు. మా వంశంలో ఆకలి తెలవని మొదటి మనిషిని నేనే కావచ్చు.

తాగుడు మాత్రం లెక్క ప్రకారం. మందు పోసుకునే చిన్న కప్పుతో 30 మిల్లీలీటర్లు, పదిహేను నిమిషాలకొకసారి, గుటక గుటకగా. ఇంట్లో నా కోసం ఒక చిన్న స్టీలు గిలాస వేరే పెట్టిన్రు. కొలత తప్పొద్దని దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మా ఆయన పిల్లలకు చెప్పిండు. వాళ్లు మంచికే చేసిన్రు. కానీ అలమార అంచున ఒక్కటే బోర్లించి ఉన్న ఆ గిలాసను చూసినప్పుడల్లా నాకు మా ఊరి చాయ్ హోటల్ గుంజ కనబడేది. రెండు రోజులు చూసిన. మూడో రోజు దాన్ని తీసి తక్కిన గిలాసల్ల కలిపి, గుర్తుకు దాని అడుగున గోళ్లరంగు చుక్క పెట్టుకున్న.

రోజుకు 60 గ్రాముల ప్రోటీను తప్పదన్నరు. ఆహారం సంగతి చెప్పే అమ్మాయి పనీరు, గుడ్డు, చేప, పొడులు అని చెప్పుకుంటూ పోయింది. "మాంసం ఏం తింటరు?" అని అడిగితే, పెద్దకూర అన్న. ఆ పిల్ల కలం ఆగింది. "అంటే మటనేనా మేడమ్?" అన్నది. కాదు, ఎద్దుకూర అన్న. మటన్ అని రాసుకున్నది. మనూళ్ల అవ్వ ఎండబెట్టిన తునకలు, బొక్కల చారు పంపింది. చారును వడగట్టి ఆ 30 మిల్లీలీటర్ల కప్పుతోనే తాగిన. నాకు ప్రాణం వచ్చింది ఆ చారుతోనే. ఆ పిల్ల రిపోర్టులు చూసి "మటన్ బాగా పనిచేసింది మేడమ్" అన్నది.

మూడో నెలలో సోడా తిరిగొచ్చింది. అన్నం మీద యావ లేదు, స్వీట్ల మీద లేదు. సాయంత్రం నాలుగైందంటే నాలుక మీద గ్యాసు కుట్టినట్టు అనిపించేది. కలలో డబ్బా రింగు చప్పుడు వినపడేది. ఆపరేషన్ అయినోళ్లల్ల కొందరికి తిండి యావ పోయి ఇంకో దాని మీదికి మళ్లుతదట. కొందరు మందుకు అలవాటు పడతరట. నాకు మళ్లింది కాదు, పాతదే మిగిలింది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దుర్గం చెరువు దిక్కు ఆగిన. 2020లో అక్కడ తీగల వంతెన కట్టినప్పటి నుంచి సాయంత్రాలు జాతరే. గోలీసోడా మళ్లీ ఫ్యాషన్ అయింది కదా. ఒక బండి మీద ఎరుపు, పచ్చ, నీలం సీసాలు వరసగా పేర్చి ఉన్నయి. సాఫ్ట్‌వేర్ పిల్లలు సీసా ఎత్తి ఫొటోలు దిగుతున్నరు. నేను ఎర్ర కలరు అడిగిన. ముప్పయ్ అయిదేండ్ల తర్వాత అదే కలరు. కుయ్యిమన్నది. రెండు గుక్కలు తాగిన. నిజం చెప్పాలె, మొదటి గుక్క స్వర్గం. రెండో గుక్క లోపలికి దిగింది, అక్కడ చోటు లేదు. రొమ్ము ఎముక వెనక పెద్ద బండ ఇరికినట్టయింది. గ్యాసు పైకి రాదు, కిందికి పోదు. చెమటలు కమ్మినయి. నోట్లో నుంచి నురుగు వచ్చింది. ఫుట్‌పాత్ మీద కూర్చున్న. బండి పిలగాడు ఉరికొచ్చి "ఏమైంది అక్కా? నీళ్లు తాగుతవా?" అని నా వీపు నిమిరిండు. అరగంట పట్టింది తేరుకోవడానికి. వీపు మీద ఆ పిలగాని చెయ్యి మాత్రం బరువు తెలవలేదు.

తర్వాత డాక్టరుకు చెప్తే తిట్టిండు. గ్యాసు పోనిచ్చి తాగొచ్చా అని అడిగిన. గ్యాసు పోతే మిగిలేది చక్కెర నీళ్లే, తగ్గిన బరువు తాగి తాగే మళ్లీ తెచ్చుకుంటరు శానామంది అన్నడు. చక్కెర లేని రకం తాగితే? గ్యాసు ఉన్నది కదమ్మా అన్నడు. ఏ దిక్కు నుంచి దూరినా తలుపు మూసే ఉన్నది.

అప్పుడు నేను నా పని పద్ధతిలో దిగిన. తప్పు ఎప్పుడు వస్తున్నదో రాస్తే ఎందుకు వస్తున్నదో దొరుకుతదని నా కింద పిల్లలకు చెప్తుంట. ఒక నోట్‌బుక్కు పెట్టి సోడా యావ వచ్చిన ప్రతిసారి టైము రాసిన, దానికి ముందు ఏం జరిగిందో రాసిన. నెల రోజులు. ఎండకు వచ్చింది తక్కువ. దాహానికి వచ్చింది ఇంకా తక్కువ. "నాలుగు గంటల మీటింగు, నా మాట మధ్యలో కోసిండు." "లంచ్ కాడ ఇంటిపేరు అడిగిన్రు." "కొత్త అమ్మాయి వాళ్లింటి పూజకు అందరినీ పిలిచింది, నన్ను పిలవలేదు." పేజీలన్నీ ఇట్లనే. ఆ పూజ సంగతి నేను అనుమానపడి ఉండొచ్చు. ఆ పిల్ల మరిచిపోయి ఉండొచ్చు. అట్ల ఎటూ తేలని దాని కోసమే ఎక్కువ డబ్బాలు తాగిన్నని నోట్‌బుక్కు చెప్పింది.

తెలిసినంక ఏం చేసిన? పెద్దగా ఏం లేదు. యావ వస్తే పది నిమిషాలు ఆగడం. అది శానాసార్లు పది నిమిషాలల్ల దిగిపోతది. అవ్వ చెప్పినట్టు పలచటి సల్లలో ఉప్పు, అల్లం, కరివేపాకు దంచి వేసుకొని గుటక గుటకగా తాగడం. అల్లం గొంతులో కొంచెం మంట పుట్టిస్తది, సోడాకు అది మారు కాదు గానీ నాలుకను మోసం చేయొచ్చు. ప్యాంట్రీ దిక్కు పోకుండా మెట్ల దిక్కు పోవడం.

ఒకనాడు అన్నం బల్ల కాడ మళ్లీ అడిగిన్రు, "ఇంతకీ మీరేమిట్లు?" అని. "మాదిగోళ్లం" అన్న. అందరి చెంచాలు ఒక్క క్షణం ఆగినయి. ఒకామె "అయ్యో, అట్ల కాదు, ఊరికే అడిగిన" అన్నది. ఏది అట్ల కాదో నాకు అర్థం కాలేదు. ఆ చెప్పిన రోజు నుంచి సోడా మీద మనసు పోలేదని రాస్తే చదువుకోవడానికి బాగుంటది. కానీ ఆ రోజే ఎన్నడూ లేనంత ఎక్కువయింది. రెండుసార్లు ఫ్రిజ్ తలుపు దాకా పోయి వచ్చిన. నోట్‌బుక్కులో ఆ పేజీ సగం వరకూ టైములే ఉన్నయి.

ఇప్పుడు 73 కిలోలున్న. షుగరు గోలీలు ఆగినయి. బీ12, ఐరన్ మాత్రలు ఆగవు.

పోయిన ఎండాకాలం అవ్వ వచ్చింది. మెట్రోలో రాయదుర్గం దాకా తిప్పి, సాయంత్రం తీగల వంతెన చూపించడానికి తీసుకపోయిన. లైట్లు చూసి "ఏ దొర కట్టిండే ఇది?" అన్నది. సోడా తాగుతవా అవ్వా అన్న. వద్దు వద్దన్నది, మళ్లీ బండి దిక్కే చూసింది. నా వీపు నిమిరిన పిలగాడే ఉన్నడు. గుర్తుపట్టి, "అక్కా, నీకైతే ఇయ్య" అన్నడు. మా అవ్వకు ఇయ్యి తమ్మీ, ఎర్రది అన్న. వాడు గోలీ ఒత్తి సీసా అవ్వ చేతికిచ్చిండు.

అవ్వ సీసా తీసుకొని అటూ ఇటూ చూసింది. చూసి, తల వెనక్కి వంచి, జానెడు ఎత్తు నుంచి నోట్లోకి ఎత్తిపోసుకోబోయింది. గోలీ దొర్లి మెడకు అడ్డం పడ్డది. చుక్క రాలేదు. మళ్లీ ఎత్తింది. ఒకేసారి వచ్చి గదుమ మీద, రైక మీద పోయింది.

"మూతికి పెట్టుకో అవ్వా."

"ఎంగిలైతది బిడ్డా. మళ్ల ఎవరన్న తాగుతరు."

"తాగనియ్యి."

అవ్వ బండి పిలగాని దిక్కు చూసింది. వానికి ఏం సమజ్ కాలేదు. "పెద్దమ్మా, ఈ సొట్ట ఉన్న పక్క కిందికి పెట్టు, గోలీ దాంట్ల ఆగుతది" అని సీసా తిప్పి చూపించిండు. అవ్వ అట్లనే పట్టుకొని మూతికి పెట్టుకున్నది. డెబ్బయ్ ఏండ్లు దాటిన మనిషి. తాగుతూ కండ్లు గట్టిగా మూసుకున్నది. ముక్కులోకి గ్యాసు కొట్టి దగ్గింది, నవ్వింది, మళ్లీ తాగింది. సగం మిగిల్చి సీసా నా దిక్కు చాపింది. "ఒక్క గుక్క తాగు బిడ్డా."

తీసుకున్న. చల్లగా ఉన్నది. మూతి మీద అవ్వ ఆకువక్క ఎరుపు అంటుకొని ఉన్నది. నా గొంతు ఊటలూరింది. ఎంతసేపు పట్టుకున్ననో తెలవదు.

"డాక్టరు వద్దన్నడే అవ్వా" అని తిరిగి ఇచ్చిన. అవ్వ మిగిలిన సగం కూడా తాగి, సీసాను బండి చెక్క మీద, అంచుకు, పక్కకు పెట్టింది. పిలగాడు దాన్ని తీసి బకెట్ల ముంచి కడిగి, తక్కిన సీసాల నడుమ పెట్టిండు. అవ్వ అక్కడ్నే నిలబడి చూస్తున్నది. పోదాం రా అవ్వా అంటే, "ఆగు" అన్నది.